శత్రువు కవచమూ, మన రక్తమూ

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని మన పెద్దలు ఏనాడో అన్నారు. బయటి దొంగను పట్టడానికి ఊరి తలారి చాలును. ఇంటిలోనే మసలుతూ, ఇంటివాని కంచంలోనే తింటూ, ఇంటివాని దుప్పటినే కప్పుకొని పడుకొనే దొంగను పట్టడం ఎవరి తరం? మన ఎర్ర రక్తకణంలో దూరి కాపురముండే మలేరియా పరాన్నజీవిని తలచుకొన్నప్పుడల్లా నాకు ఈ సామెతే గుర్తుకు వస్తుంది. అయితే జీవరసాయన శాస్త్రం ఈ సామెతకు ఒక సవరణ చేసింది. ఈ దొంగను పట్టవచ్చును. వాడు ఏ కవచాన్ని ధరించి మన ఇంటిలో బ్రతుకుతున్నాడో తెలిస్తే ఆ కవచం దగ్గరనే వానిని పట్టవచ్చును. కాని ఆ దొంగపై ఎత్తిన కర్ర ఒక్కొక్కసారి ఇంటివానికే తగులుతుంది. అది ఎవరికి తగులుతుందో ముందుగానే తెలుసుకొనే ఉపాయం కూడ శాస్త్రం మన చేతిలో పెట్టింది. ఆ ఉపాయాన్ని మనం వాడుకోవడం లేదు. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

ఎంజైములు, ప్రోటీన్లు అంటూ ఒక తెలుగు పంతులు వ్రాయడమేమిటని విజ్ఞానశాస్త్ర శాఖలోని సహోద్యోగులు నవ్వవచ్చును. వ్యాకరణం చెప్పుకొనేవాడికి రక్తకణాలతో పని ఏమిటని కమిటీ పెద్దలూ అనుకోవచ్చును. నాకు ఈ విషయం గ్రంథాలయంలో తటస్థపడలేదు, మా ఇంటిలోనే తటస్థపడింది.

కొన్నేళ్ళ క్రితం వానకాలంలో మా ఆపా కుమారునికి, పదకొండేళ్ళ పిల్లవానికి, చలిజ్వరం వచ్చింది. రక్తపరీక్షలో వైవాక్స్ రకం మలేరియా అని తేలింది. వైద్యుడు 3 రోజులకు క్లోరోక్విన్, 14 రోజులకు ప్రైమాక్విన్ వ్రాసి ఇచ్చాడు. మందు సరైనదే, మోతాదూ సరైనదే. జ్వరం తగ్గింది. కాని మూడవనాటి సాయంత్రానికి పిల్లవాని మూత్రం సులేమానీ చాయ్ రంగుకు తిరిగింది. కళ్ళు పచ్చబడ్డాయి, పెదవులు పాలిపోయాయి. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడుతున్నాడు. మా అమ్మ నజర్ తగిలిందని ఎండుమిరపకాయలు తీసి దిగదుడిచింది. ఇరుగుపొరుగువారు కామెర్లకు పసరు పోసేవాని దగ్గరకు తీసుకొనిపొమ్మన్నారు. మేము భయపడి పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోయాము. అక్కడి డాక్టరమ్మగారు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఏమమ్మా, ఈ అబ్బాయికి పుట్టిన వారంలో పచ్చకామెర్లు వచ్చాయా?" వచ్చాయని, రెండు రోజులు నీలికాంతి దీపం క్రింద పడుకోబెట్టారని ఆపా చెప్పింది. ఆమె వెంటనే ప్రైమాక్విన్ ఆపించి, రక్తం ఎక్కించారు. అల్లా దయవలన, ఆమె చేతి చలువవలన పిల్లవాడు దక్కాడు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో ఆమె నాకు విషయం వివరించారు. మా అల్లునికి పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువ. దాని పేరు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్, క్లుప్తంగా జి-6-పి.డి. పదకొండేళ్ళుగా ఆ లోపం వాని రక్తంలోనే ఉన్నది, ఎవరికీ తెలియలేదు. మాత్ర మింగడానికి ముందు రెండు చుక్కల రక్తం పరీక్షించి ఉంటే తెలిసి ఉండేది. "మరి ఎందుకు పరీక్షించలేదు?" అని అడిగాను. "ఎవరు అడిగారు?" అన్నారామె. ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఆక్సిజన్ అనే ప్రాణదాత, ప్రాణాంతకుడు

ఈ కథ అర్థం కావాలంటే ముందు ఆక్సీకరణం అంటే ఏమిటో తెలుసుకోవాలి. కోసిన వంకాయ ముక్క గాలి తగిలితే నల్లబడుతుంది. అందుకే గృహిణి ముక్కలను ఉప్పునీటిలో వేస్తుంది. వానకు తడిసిన ఇనుప మేకు తుప్పు పడుతుంది. ఇవి రెండూ ఆక్సిజన్ చేసే పనులే. ఒక పదార్థం ఎలక్ట్రానులను కోల్పోవడం ఆక్సీకరణం, పొందడం క్షయకరణం. కొట్టులోని చిట్టాలో ఒకరి ఖర్చు మరొకరి జమ అయినట్లే, ఒకటి లేకుండా రెండవది జరగదు. మనం పీల్చే గాలివలననే మన శరీరంలో సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన పదార్థాలు నిత్యం పుడుతుంటాయి. ఇవి కణపు పొరలను, ప్రోటీన్లను, చివరకు వంశపారంపర్య పదార్థాన్ని కూడ చెడగొట్టగలవు. ప్రాణం పోసే ఆక్సిజనే ప్రాణం తీయగలదు.

ఈ దాడినుండి కాపాడుకోవడానికి ప్రతి జీవకణమూ ఒక రక్షణ వ్యవస్థను ఏర్పరచుకొన్నది. గ్లూటాథయోన్, థయోరెడాక్సిన్ అనేవి అందులో ముఖ్యమైనవి. మొదటిది మూడు ఎమైనో ఆమ్లాలు కలిసిన చిన్న అణువు, రెండవది ఒక చిన్న ప్రోటీన్. రెండింటి బలమూ వాటిలోని గంధకంలోనే ఉన్నది. గంధకపు పరమాణువులు ఎలక్ట్రానులను దానం చేసి విషాన్ని శాంతింపజేస్తాయి. దానం చేసి ఖాళీ అయిన వీటిని రిడక్టేజ్ అనే ఎంజైములు మళ్ళీ నింపుతాయి. అలా నింపడానికి కావలసిన మూలధనం ఎన్.ఎ.డి.పి.హెచ్. అనే అణువు. మన ఎర్ర రక్తకణంలో ఈ మూలధనాన్ని సంపాదించడానికి ఉన్న మార్గం ఒక్కటే. ఆ మార్గపు మొదటి ద్వారాన్ని తెరిచేది జి-6-పి.డి. మా అల్లునిలో తక్కువైనది ఆ తాళపుచెవే.

దొంగ ధరించిన కవచం

ఇక దొంగ సంగతి చూద్దాము. మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో ప్రవేశించి, ఫాల్సిపారం, వైవాక్స్ రకాలలో సుమారు 48 గంటలపాటు అక్కడ పెరుగుతుంది. దాని ఆహారం మన హీమోగ్లోబిన్. ఆ కణంలోని హీమోగ్లోబిన్‌లో సగానికి పైగా అది తినివేస్తుంది. కాని ఆ భోజనంలోనే విషమున్నది. హీమోగ్లోబిన్ అరిగినప్పుడు ఇనుముతో కూడిన హీమ్ బయటపడుతుంది, సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. బయటపడిన హీమ్ పరాన్నజీవి పొరలనే చీల్చగలదు. కనుక అది హీమ్‌ను హీమోజాయిన్ అనే గోధుమ నలుపు స్ఫటికాలుగా మార్చి ఒక ప్రక్కన పెడుతుంది. క్లోరోక్విన్ పని ఈ స్ఫటికాలు ఏర్పడకుండ ఆపడమే. దొంగ తిన్న అన్నమే దొంగకు విషమయ్యేటట్లు చేస్తుందన్నమాట.

పెరాక్సైడ్ విషయంలో దొంగ స్థితి మరీ చిత్రమైనది. మన కణాలలో పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టే కాటలేజ్ అనే ఎంజైము ఉన్నది. మలేరియా పరాన్నజీవికి కాటలేజ్ లేదు. దానికి బదులు పెరాక్సీరెడాక్సిన్ అనే ప్రోటీన్లపై, వాటికి ఎలక్ట్రానులు అందించే థయోరెడాక్సిన్ వ్యవస్థపై అది ఆధారపడుతుంది. అంతే కాదు, మన ఎర్ర కణంలోని పెరాక్సీరెడాక్సిన్‌ను సైతం అది తన శరీరంలోనికి లాగుకొని వాడుకొంటుందని 2009లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఇంటివాని దుప్పటిని దొంగ కప్పుకోవడమంటే ఇదే గదా!

ఇక్కడ మనకు ఒక ఆశాకిరణం కనబడుతుంది. మన థయోరెడాక్సిన్ రిడక్టేజ్‌లో పని జరిగే చోట సెలీనియం అనే అరుదైన మూలకమున్నది. పరాన్నజీవి ఎంజైములో అది లేదు. గంధకపు జంట మాత్రమే ఉన్నది. జి-6-పి.డి. పని కూడ పరాన్నజీవిలో వేరొక ఎంజైముతో అతుక్కొని ఉన్న జంట ప్రోటీన్ చేస్తుంది. మన కవచమూ, దొంగ కవచమూ ఒకే పని చేస్తున్నా, కుట్టు వేరు. కుట్టు తెలిస్తే మన చొక్కా చిరగకుండ వాని చొక్కాను చింపవచ్చును. ఎందరో శాస్త్రజ్ఞుల పరిశ్రమ నేడు ఈ కుట్టు చుట్టూనే సాగుతున్నది.

తెలియకుండానే తగిలిన బాణాలు

చిత్రమేమంటే, ఈ కవచం సంగతి తెలియకముందే మానవుడు దానిపై బాణాలు వేశాడు. 1891లో పాల్ ఎర్లిక్, గుట్‌మన్ అనే జర్మను వైద్యులు మిథిలీన్ బ్లూ అనే నీలిరంగును ఇద్దరు మలేరియా రోగులకు ఇచ్చి గుణం చూశారు. ప్రయోగశాలలో తయారైన ఒక రసాయనంతో మానవ వ్యాధిని నయం చేయడంలో ఇది తొలి అడుగులలో ఒకటి. ఆ రంగు పరాన్నజీవిలోని గ్లూటాథయోన్ రిడక్టేజ్ ఎంజైమును పెడదారి పట్టించగలదని తెలిసింది ఎంతో కాలం తరువాతనే.

చైనాలో తూ యూయూ అనే విదుషీమణి ప్రాచీన వైద్యగ్రంథంలోని ఒక సూచనను పట్టుకొని, 1970ల ప్రారంభంలో ఒక మాచిపత్రి జాతి మొక్కనుండి ఆర్టిమిసినిన్‌ను రాబట్టారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. ఆ అణువు నడుమ ఆక్సిజన్ పరమాణువులు రెండు జంటగా పెరాక్సైడ్ వంతెన కట్టి ఉన్నాయి. దొంగ తిన్న హీమోగ్లోబిన్‌లోని ఇనుము ఆ వంతెనను తెంచుతుంది. అప్పుడు పుట్టిన స్వేచ్ఛా ప్రాతిపదికలు దొంగ ప్రోటీన్లను ఎక్కడివక్కడ కాల్చివేస్తాయి. దొంగ కూడ ఊరుకోలేదు. ఆగ్నేయాసియాలో ఆర్టిమిసినిన్‌కు లొంగని ఫాల్సిపారం తలెత్తింది. ఆ మొండితనానికి గుర్తుగా కెల్చ్-13 అనే జన్యువులోని మార్పులను 2014లో గుర్తించారు. ఆ మార్పులు గల పరాన్నజీవి తన బాల్యదశలో హీమోగ్లోబిన్‌ను తక్కువగా మింగుతుందని తరువాతి పరిశోధనలు చూపాయి. తక్కువ తింటే తక్కువ ఇనుము, తక్కువ ఇనుమైతే మందుకు తక్కువ పదును. పస్తుండి పట్టుబడకుండ తప్పించుకొనే దొంగ!

ఈ కవచధారులలో మలేరియా క్రిమి ఒక్కటే లేదు. కాలా అజార్ వ్యాధికి కారణమైన లీష్మానియా సంగతి చూడండి. మనకు గ్లూటాథయోన్ ఎటువంటిదో దానికి ట్రైపానోథయోన్ అటువంటిది. రెండు గ్లూటాథయోన్ అణువులను స్పెర్మిడిన్ అనే మరొక అణువుతో ముడివేసి అది ఈ ఆయుధాన్ని తయారు చేసుకొంటుంది. 1985లో ఫెయిర్‌లాంబ్, సెరామి ప్రభృతులు దీని నిర్మాణాన్ని వెల్లడించారు. మనిషిలో ఇది లేదు. అంతకు ఆరు దశాబ్దాల ముందే కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి చిన్న గదిలో, అరకొర సామగ్రితో, ఆంటిమొనీ కలిగిన యూరియా స్టిబమిన్ తయారు చేసి వేలాది ప్రాణాలు నిలిపారు. ఆంటిమొనీకి గంధకమంటే ప్రీతి; అది పోయి పట్టుకొనేది ఈ ట్రైపానోథయోన్ వ్యవస్థనే అని ఆయన కాలంలో ఎవరికీ తెలియదు. కాలక్రమాన బీహారులో ఆంటిమొనీ మందులు పని చేయడం మానివేశాయి. లొంగని క్రిములలో ట్రైపానోథయోన్ ఎక్కువగా కనబడింది. కవచాన్ని మందం చేసుకొన్నదన్నమాట.

మన కోస్తా జిల్లాలవారికీ, తెలంగాణవారికీ చిరపరిచితమైన బోదకాలు పురుగు కూడ ఇంతే. మన రక్షక కణాలు దానిపై పెరాక్సైడ్లు కురిపిస్తే, అది తన చర్మంపైననే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ జాతి ప్రోటీన్‌ను పరచుకొని, సూపరాక్సైడ్‌ను అణచే ఎంజైమును బయటకు స్రవిస్తుంది. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, 1947 నాటికి వెలువడిన డైఇథైల్ కార్బమజైన్ నేటికీ ఆ వ్యాధిపై వాడుకలో ఉన్నది. ఆ మందు గాజుపాత్రలోని పురుగుపై పెద్దగా పని చేయదు. శరీరంలోని రక్షక శక్తుల తోడు దొరికినప్పుడే పని చేస్తుంది. శత్రువును గెలవడంలో మన రక్తం పాత్ర ఎంతటిదో దీనినిబట్టి విజ్ఞులు గ్రహించగలరు.

కర్ర ఎవరికి తగులుతున్నది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వైవాక్స్ మలేరియా రక్తంలో చచ్చినా కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది. వారాలకో, నెలలకో లేచి మళ్ళీ జ్వరం తెస్తుంది. ఆ నిద్రపోయే రూపాన్ని చంపగల మందులు ప్రైమాక్విన్, 2018లో అమెరికాలో అనుమతి పొందిన టఫెనోక్విన్, ఇవి రెండే. రెండూ ఒకే కుటుంబానివి. ప్రైమాక్విన్ శరీరంలో మారి పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. కవచం గట్టిగా ఉన్నవాని ఎర్ర కణాలు దానిని తట్టుకొంటాయి. జి-6-పి.డి. తక్కువైనవాని కణాలలో గ్లూటాథయోన్‌ను నింపే మూలధనం లేదు గనుక అవి పగిలిపోతాయి. పగిలిన హీమోగ్లోబినే మూత్రంలో నల్లని రంగు. ఈ మర్మాన్ని 1956లో అమెరికా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ప్రపంచంలో సుమారు 40 కోట్లమందికి ఈ లోపమున్నదని అంచనా. మన దేశంలోనూ ఇది ఉన్నది. మధ్యధరా రకం, కేరళ-కల్యాణ్ రకం, ఒడిశా రకం అనేవి ఇక్కడ ఎక్కువగా కనబడతాయి. కొన్ని గిరిజన తెగలలో అధికం. మలేరియా చిరకాలం ఏలిన నేలల్లోనే ఈ లోపం ఎక్కువ. ఎందుకంటే కవచం పలచనైన కణంలో దొంగ కాపురం కూడ సుఖంగా సాగదు. ఒకనాడు మన పూర్వీకులకు కొంత రక్షణ ఇచ్చిన గుణమే నేడు మందు ముందు లోపమైంది.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోసోముపై ఉన్నది. మగపిల్లవానికి ఆ క్రోమోసోము ఒకటే గనుక ఒక్క చెడిన జన్యువు చాలును. ఆడపిల్లకు రెండు ఉంటాయి గనుక పూర్తి లోపం అరుదు. అయితే మేనరికాలు, దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళు వాడుకలో ఉన్న మన సమాజాలలో, హిందువులలోనైనా ముస్లిములలోనైనా, రెండూ చెడినవి కలిసే అవకాశం పెరుగుతుంది. గల్ఫ్ దేశాలకు పోయే మన యువకులు అక్కడ ఉదయం ఫలహారంగా తినే ఫూల్ అనే బాకలా గింజల కూర కూడ ఈ లోపమున్నవారికి ప్రమాదకరమే. వీసాకు ఎన్నో పరీక్షలు చేయించుకొనేవాడు తన ఎర్ర కణం సంగతి ఒక్కటి తెలియకుండ విమానమెక్కుతున్నాడు.

ఇంకొక భ్రమను గూర్చి చెప్పక తప్పదు. ఈనాడు ఏ దుకాణంలో చూచినా, ఏ ప్రకటనలో విన్నా "యాంటీ ఆక్సిడెంట్" అన్న మాట మంత్రంవలె వినబడుతున్నది. టీ పొడిలో ఉన్నది, ముఖానికి పూసే క్రీములో ఉన్నది, గోళీలలో ఉన్నది. ఎంత ఎక్కువ మింగితే అంత మేలన్నట్లు విద్యార్థులు నమ్ముతున్నారు. కాని ఆక్సీకరణాన్ని అడ్డుకొనే శక్తి స్వతః మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఎవరి చేతిలో ఉంటే వారి పక్షాన పని చేస్తుంది. మన కణంలో ఉంటే మనలను కాపాడుతుంది, పరాన్నజీవిలో ఉంటే దానిని కాపాడుతుంది. మన రక్షక కణాలు క్రిములను చంపేది ఆక్సీకరణంతోనే. అంతెందుకు, అందరూ అమృతమనుకొనే విటమిన్ సి సైతం పెద్ద మోతాదులో సూదిద్వారా ఎక్కిస్తే, జి-6-పి.డి. లోపమున్నవారి ఎర్ర కణాలను పగులగొట్టిన సందర్భాలున్నాయి. కత్తి మంచిదా చెడ్డదా అని అడగరాదు. ఎవరి చేతిలో ఉన్నదని అడగాలి.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం

మన దేశం 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలని సంకల్పించింది. వైవాక్స్‌ను నిర్మూలించాలంటే ప్రైమాక్విన్ పూర్తిగా 14 రోజులు మింగవలసిందే. ఒక్క ఇంటిలో ఒక్క పిల్లవానికి మా అల్లునివలె జరిగితే, ఆ వీధిలో పది ఇళ్ళవారు ఆ మాత్రలను గోడ అవతల పారవేస్తారు. మా వీధిలో అదే జరిగింది. మందుపై నమ్మకం పోతే దొంగ కాలేయంలో హాయిగా నిద్రపోతాడు. కనుక పరీక్ష అనేది లోపమున్న ఆ కొద్దిమందికోసమే కాదు, తక్కిన అందరి నమ్మకం నిలబెట్టడానికి కూడ అవసరం.

ప్రతి ఏటా ప్రవేశాల సమయంలో మన కళాశాల విద్యార్థుల బ్లడ్ గ్రూపు వ్రాసుకొంటున్నది. దానితోపాటు జి-6-పి.డి. పరీక్ష కూడ జరిపించాలని నా అభిప్రాయం. ఇది జీవితంలో ఒక్కసారి చేయించుకొంటే సాధారణంగా చాలును. పద్ధతి కూడ సులువైనదే. ఒకటి రెండు చుక్కల రక్తాన్ని రసాయనంతో కలిపి, కాగితంపై చుక్కగా వేసి, అతినీలలోహిత కాంతిలో చూస్తారు. ఎంజైము ఉంటే ఎన్.ఎ.డి.పి.హెచ్. పుట్టి ఆ చుక్క మెరుస్తుంది. లేకపోతే చీకటిగా ఉంటుంది. ఇప్పుడు చిన్న పట్టీలతో చేసే పరీక్షలూ వచ్చాయి.

దీనికి మూడు ఆక్షేపణలు వస్తాయని నాకు తెలుసు. మొదటిది ఖర్చు. వార్షికోత్సవంనాడు షామియానాకు, శాలువలకు అయ్యే ఖర్చును కొంత తగ్గించుకొంటే ఇది కష్టం కాదు. పాలకవర్గం తలచుకొంటే జిల్లా ఆరోగ్యశాఖ సహకారం కోరవచ్చును, దాతలు ముందుకు రావచ్చును.

రెండవది, పరీక్ష పరిపూర్ణమైనది కాదుగదా అన్నది. నిజమే. ఒక చెడిన జన్యువు, ఒక మంచి జన్యువు ఉన్న ఆడపిల్లలలో చుక్క పరీక్ష లోపాన్ని కనిపెట్టలేకపోవచ్చును. రక్తకణాలు పగిలిన వెంటనే పరీక్షిస్తే, కొత్తగా పుట్టిన కణాలలో ఎంజైము ఎక్కువగా ఉండి లోపం దాగవచ్చును. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయించాలని, సందేహముంటే కొలమానంతో చేసే పరీక్షకు పంపాలని నేను కోరుతున్నాను. మసక దీపమైనా చీకటికంటె మేలే.

మూడవ ఆక్షేపణే అన్నింటికంటె బరువైనది. "మా అమ్మాయి రక్తంలో లోపమున్నదని తెలిస్తే సంబంధాలు వస్తాయా మాస్టారూ?" అని ఒక విద్యార్థిని తల్లి నన్ను అడిగింది. ఆ ప్రశ్నను చిన్నచూపు చూడకూడదు. అటువంటి లోకంలోనే మనం బ్రతుకుతున్నాము. కనుక ఫలితం మూసిన కవరులో విద్యార్థికి మాత్రమే అందాలి. నోటీసు బోర్డుకు, ఆఫీసు గుమాస్తాకు, హాజరు పట్టీకి దానితో సంబంధం ఉండరాదు. అయితే ఆ తల్లికి నేను చెప్పిన జవాబు కూడ ఇక్కడ వ్రాస్తున్నాను: "అమ్మా, ఇది రోగం కాదు. కొన్ని మందులు, ఒకటి రెండు పదార్థాలు మానితే ఈ పిల్ల అందరివలెనే నూరేళ్ళు బ్రతుకుతుంది. దాచవలసిన కళంకం కాదు, వైద్యునికి చెప్పవలసిన వివరం." లోపమున్నంత మాత్రాన వైవాక్స్‌కు చికిత్స లేకుండ పోదు. వారానికి ఒకసారి చొప్పున 8 వారాలు, వైద్యుని పర్యవేక్షణలో ప్రైమాక్విన్ ఇచ్చే పద్ధతి ఉన్నది. కావలసిందల్లా ముందుగా తెలియడమే.

విద్యార్థి మిత్రులకు

బి.ఎస్‌సి. విద్యార్థులతో ఒక మాట. మీరు థయోరెడాక్సిన్ గురించి పరీక్షలో పది మార్కులకు ఇంగ్లీషులో వ్రాయగలరు. అదే విషయాన్ని మీ నానమ్మకు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పగలరా? మా ఆపాకు ఆ రోజు చెప్పేవారు లేకనే పసరు మందు దాకా పోబోయాము. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా స్థాపించి, రసాయన, వైద్య గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చిన నేల ఇది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, విజ్ఞానశాస్త్ర పారిభాషిక పదాలను తెలుగులో కూర్చిన నేల ఇది. మాటలు లేకపోవడం మన కొరత కాదు, మాట్లాడేవారు లేకపోవడమే కొరత. ఈ పత్రికలో వచ్చే సంవత్సరమైనా గజళ్ళకు, వచన కవితలకు ప్రక్కన విజ్ఞానశాస్త్ర విద్యార్థి వ్రాసిన ఒక్క వ్యాసం రెండు భాషలలోనూ అచ్చు కావాలని నా కోరిక. పదం దొరకకపోతే నా గదికి రండి. పదం నేను వెదకి ఇస్తాను, విషయం మీరు నాకు చెప్పండి.

చివరగా ఒక పేరు గుర్తు చేసి విరమిస్తాను. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ తన దోమలను ఒక మలేరియా రోగిని కుట్టనిచ్చాడు. కుట్టిన ప్రతి దోమకూ ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టింది. ఆగస్టు 20న ఆ దోమలలో ఒకదాని కడుపులో రాస్ పరాన్నజీవిని చూశాడు. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. శాస్త్రం అతని రక్తంనుండి అంత నేర్చుకొన్నది. అటువంటి సామాన్యుల పిల్లలే నేడు మన తరగతి గదులలో కూర్చొని ఉన్నారు. వారి రక్తాన్ని గూర్చి వారికి ఒక్క మాట చెప్పగల స్థితికి శాస్త్రం వచ్చి చాలా కాలమైంది. ఆ మాట వారికి చేర్చే బాధ్యత మనది. వచ్చే జూన్‌లో ప్రవేశాలు మొదలయ్యేలోగా కమిటీ పెద్దలు ఈ విన్నపాన్ని ఒక తీర్మానంగా చేపట్టగలరని ఆశిస్తున్నాను.